దొంగ డబ్బా

భయపడడమే ఉద్యోగంగా ఉన్న మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. ఆమె కోమలక్క. తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద కింద యాత్రికుల లాడ్జి, పైన మా ఆఫీసు. మొత్తం ఎనిమిది మందిమి. నా పక్క కుర్చీ ఆమెది. ఏడేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం కాబట్టి ఆమె గురించి రాసే హక్కు నాకు కొంత ఉందనుకుంటున్నాను. ఆమె మాత్రం ఒప్పుకోదు. "ఒకవేళ ఎవరైనా సదివితే?" అంటుంది.

అందుకే ఆమెకు ఆఫీసులో 'ఒకవేళ అక్క' అని పేరు పెట్టాం. పొద్దున ఇంటికి తాళం వేసి, ఆ తాళానికి ఫోన్లో ఫోటో తీసుకుని వస్తుంది. దారిలో అనుమానం వస్తే చూసుకోవడానికట. గ్యాస్ పొయ్యికీ ఒక ఫోటో. ఒకసారి నేను ఊరుకోలేక, "అక్కా, ఆ ఫోటో నిన్నటిదేమో సూడు" అన్నాను. పాపం, అన్నం డబ్బా అట్లాగే మూసేసి ఆటో ఎక్కి ఇంటికి పోయి చూసి వచ్చింది. నాకు సిగ్గేసింది. మిగతావాళ్ళు మాత్రం సాయంత్రం దాకా నవ్వుతూనే ఉన్నారు.

మేం పని చేసేది 'గాదె' అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్ మీద. నాలుగైదు మామూలు కంప్యూటర్లను కలిపి ఒకే పెద్ద నిల్వగదిలా వాడుకోనిస్తుంది అది. ఒక మిషన్ చచ్చినా అందులో ఉన్నదాని నకలు ఇంకోదాంట్లో ఉంటుంది. దాన్ని ఎవరూ అమ్మరు. ఎవరైనా ఊరికే తీసుకుని నడుపుకోవచ్చు, లోపల రాసిందంతా చదవొచ్చు, తప్పు కనబడితే దిద్ది పంపవచ్చు. మొదలుపెట్టినవాళ్ళలో ఒకాయన మదనపల్లె మనిషి కావడంతో ఆ పేరు వచ్చింది. ఇప్పుడు ఎన్నో దేశాలవాళ్ళు దాన్ని ఎవరికి నోరు తిరిగినట్టు వాళ్ళు పలుకుతూ వాడుకుంటున్నారు.

గాదె ఒంటరిగా నడవదు. దాని కింద ఇంకో నలభై రెండు చిన్న సాఫ్ట్‌వేర్లు ఉండాలి. ఒక్కోదానికి కనీసం ఏ వెర్షన్ ఉంటే సరిపోతుందో ఒక జాబితాలో రాసి ఉంటుంది. పాత మిషన్లున్నవాళ్ళు ఆ జాబితాను నమ్మి పాతవాటితోనే నెట్టుకొస్తారు. తమాషా ఏమిటంటే, జాబితా రాసినవాళ్ళెవరూ పాతవాటితో నడిపి చూడరు. వాళ్ళ దగ్గర ఉండేవన్నీ కొత్తవే. అరిగిన టైర్లతో కూడా ఈ బస్సు కొండెక్కుతుందని బోర్డు రాసి, పరీక్షకు మాత్రం కొత్త టైర్లు బిగించి తిప్పినట్టు ఉంటుంది ఆ వ్యవహారం.

అరిగిన టైర్లతో తిప్పి చూడడం కోమలక్క పని. గాదెలోకి ఎవరు ఏ మార్పు పంపినా, జాబితాలోని కనీస వెర్షన్లన్నీ వేసి, వాటితో నడుస్తుందో లేదో చూసే పరీక్షను ఆమె ఒక్కతే తయారు చేసింది. నడిస్తే ఆకుపచ్చ టిక్కు, నడవకపోతే ఎర్ర గుర్తు. ఎర్ర గుర్తు పడిన మార్పు లోపలికి రాదు. ఇంత విసుగుపుట్టించే పని ఇంకెవరూ ముట్టుకోరు. అది చూసే మా ఆఫీసును నడిపే బెంగుళూరు కంపెనీ ఆమెను పిలిచి ఉద్యోగమిచ్చింది. "అంత భయస్థురాలు మాకు కావాలి" అన్నారట ఇంటర్వ్యూలో.

ఆ భయం తండ్రి దగ్గర నుంచి వచ్చింది. వాళ్ళది బంగారుపాళ్యం. నాయన మునెయ్య మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు డబ్బాలు కొట్టాడు. కొట్టడమంటే, గుజ్జు నింపి మూత బిగించిన డబ్బాలు వరసగా పేర్చి ఉంటే, చిన్న ఇనప కడ్డీతో ఒక్కోదాని మూత మీద తట్టుకుంటూ పోవడం. మూత సరిగా బిగిసి ఉంటే ఖంగుమంటుంది. లోపలికి గాలి దూరి ఉంటే మొద్దుగా పలుకుతుంది. అట్లాంటిది పక్కన పెట్టేయాలి, లేకపోతే తిన్నవాళ్ళు ఆస్పత్రి పాలే.

నేను ఒకసారి బంగారుపాళ్యం పోయినప్పుడు ఆ పెద్దాయన నన్ను కూర్చోబెట్టి ఇంకో సంగతి చెప్పాడు. "రోజూ పొద్దన్నే మాతో పనిసేసే ఆయమ్మొకతి, సెడిపోయిందని ముందే తెలిసిన డబ్బా ఒకటి నాకు సెప్పకుండా వరసలో కలిపి పెడతా ఉండె. దాన్ని దొంగ డబ్బా అంటా ఉంటిమి. అది నాకు దొరికిందా, సరే. దొరకలేదనుకో, ఆ పొద్దు కొట్టిందంతా మళ్ళీ మొదట్నుంచీ కొట్టాల్సిందే. డబ్బా బాగుండాదా అని కాదప్పా, నా సెవి బాగుండాదా అని సూసుకోవల్ల గదా!" కోమలక్క ఆ కథ వంద సార్లు విన్నదానిలా లోపల సంగటి కెలుకుతూ ఉంది.

ఇక స్టెల్లా. కోమలక్కతో పాలిటెక్నిక్‌లో ఒకే బెంచీ. చిత్తూరులో ఒక చిన్న ఆస్పత్రిలో ల్యాబ్ పని, కంప్యూటర్ల పని రెండూ ఆమే చూస్తుంది. ఆస్పత్రి పేరు రాయను. పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని తలసేమియా జబ్బున్న పిల్లలు రెండు వందల పన్నెండు మంది అక్కడికి వస్తారు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోకపోతే వాళ్ళకు బతుకు లేదు. అన్నిసార్లు పరాయి రక్తం ఎక్కేసరికి కొందరి ఒళ్ళు కొన్ని రకాలను ఎదిరించడం మొదలుపెడుతుంది. గ్రూపు కలిసినా సరే ఆ రకం పడదు. ఇందులో ప్రాణం తీసే సంగతి ఒకటుంది. ఒకసారి పడని రకం ఏడాది తర్వాత పరీక్షలో కనబడకుండా దాక్కోవచ్చు. అప్పుడు ఆ పిల్లకు అది పడదని చెప్పేది పాత రికార్డు ఒక్కటే. పదకొండేళ్ళ రికార్డులు స్టెల్లా దగ్గర ఒకే ఒక ముసలి మిషన్లో ఉండేవి.

ఆ మిషన్ ఎప్పుడు చస్తుందో అని ఆమె బెంగ. ఎవరో ఇచ్చిన మూడు పాత కంప్యూటర్లు ఉన్నాయి, గాదె వేసుకోవచ్చా అని కోమలక్కను అడిగింది. "అన్నీ పాతవేనే, కనీస వెర్షన్లు తప్ప ఎక్కవు" అంది. "యేసుకో. ఆ కనీసాన్ని రోజూ పరీక్ష సేసేది నేనే గదా" అంది కోమలక్క. ఆ మాట నా ఎదురుగానే అంది. తన మాట మీద తనకు నమ్మకం ఉండగా నేను చూసింది ఆ ఒక్కసారే, నాకు ముచ్చటేసింది కూడా. స్టెల్లా ఏడాది పాటు రోజూ పాత మిషన్లోనే పని చేసుకుంటూ, రికార్డులన్నీ గాదెలోకి నకలు చేస్తూ వచ్చింది.

జూన్‌లో ఒక శనివారం. పొద్దున తొమ్మిదిన్నరకు స్టెల్లా ఫోన్. "కోమలీ, ఈ పొద్దుతో ముసలిదానికి సెలవు. సోమవారం నుంచి అంతా నీ గాదెలోనే. మూడు గంటలకు దాని డిస్కు తీసి బొక్కలు పొడిసేస్తాము." అది ఆ ఆస్పత్రి పద్ధతి. పిల్లల జబ్బుల వివరాలు ఎవరి చేతిలోనూ పడకూడదని, పక్కన పెట్టిన ప్రతి డిస్కునూ డ్రిల్లింగ్ మిషన్‌తో మూడు చోట్ల తూట్లు పొడుస్తారు.

కోమలక్క ఫోన్ పెట్టేసి కాసేపు గోళ్ళు కొరుక్కుంది. "ఒకవేళ..." అని నా వైపు చూసింది. నేను విననట్టు నటించాను. పదిన్నర దాటాక ఆమె కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినబడింది.

"భానూ, ఈడ సూడు."

పోయి చూశాను. ఆకుపచ్చ టిక్కు. "బాగుంది గదా అక్కా" అన్నాను.

"బాగుండకూడదు" అంది. "నేను జాబితాలో ఒకదానికి పన్నెండేళ్ళ కిందటి వెర్షన్ రాసి పెట్టినా. మనకు కావాల్సిన పని దానికి సేతనే కాదు. దాంతో గాదె లేవను గూడా లేవకూడదు. దొంగ డబ్బా పెట్టి సూద్దామనుకున్నా, అంతే. నాయన మాదిరి."

దొంగ డబ్బా దొరకలేదు. ఖంగుమంది.

ఇంకోటి పెట్టి చూశాం. అదీ ఆకుపచ్చే. మరొకటి, అదీ అంతే. పరీక్ష అసలు పాత వెర్షన్లతో నడవడమే లేదు. వాటిని వేస్తోంది, కానీ రెండు నిమిషాల తర్వాత వాటి మీద కొత్తవి వేసేస్తోంది. కారణం రెండేళ్ళ కిందట చేర్చిన ఒకే ఒక లైను. పరీక్షకు నలభై నిమిషాలు పడుతోందని అప్పట్లో అందరూ గోల పెడితే, తొందరగా ముగించే పనిముట్టు ఒకటి కోమలక్క అందులో చేర్చింది. ఆ పనిముట్టు తనకు కావాలని కొత్త వెర్షన్లన్నిటినీ గుట్టుగా లాక్కొస్తోంది. రెండేళ్ళుగా మేము చూసిన టిక్కులన్నీ కొత్త టైర్లవి.

ఆ లైను ఆమె రాసింది. ఇంకొకరు సరిచూసి ఒప్పుకుంటే గాని ఏ లైనూ లోపలికి పోదు. దాన్ని సరిచూసి 'చక్కగా ఉంది' అని రాసింది నేను.

ఆమె ఆ లైను తీసేసి పరీక్షను నిజంగా నడిపింది. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో ఆమె రెండుసార్లు నీళ్ళు తాగడానికి లేచి, తాగకుండానే వచ్చి కూర్చుంది. కింద లాడ్జి వాకిట్లో యాత్రికులు జీపు మాట్లాడుకుంటున్నారు, ఆ మాటలన్నీ నాకు స్పష్టంగా వినబడుతున్నాయి. చివరికి ఎర్ర గుర్తు పడింది. ఒకటి కాదు, పదిహేడు చోట్ల. అందులో పదహారింటిని భరించవచ్చు. పదిహేడోది చదివి కోమలక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కనీస వెర్షన్లతో నడిపినప్పుడు గాదె నకలు తీస్తున్నట్టే నటిస్తోంది. ఫైలు పేరు ఉంటుంది, తేదీ ఉంటుంది, సైజు కూడా అంతకంతే. లోపల మాత్రం అన్నీ సున్నాలు.

పన్నెండు దాటి అయిదు నిమిషాలు. స్టెల్లాకు ఫోన్ చేసింది. మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. రక్తం గదిలోకి పోయేవాళ్ళు ఫోన్లు బయట బుట్టలో పెట్టి పోవాలి. ఆస్పత్రి నంబరుకు చేస్తే ఎవరో ఒకామె ఎత్తింది. "స్టెల్లా మేడమ్ లోపల ఉండాది. శనివారం గదా, పిల్లోళ్ళు శానామంది ఉండారు. బయటికొచ్చినాక సెప్తాలే." "డిస్కు ముట్టుకోవద్దని సెప్పమ్మా, పాత మిషన్ డిస్కు, మరిసిపోవద్దు తల్లీ" అని కోమలక్క అంటుండగానే అక్కడ ఇంకో ఫోన్ మోగింది, ఇది తెగిపోయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

"నేను చిత్తూరు పోతా ఉండా" అని లేచింది. బ్యాగు భుజానికి తగిలించుకుని నిలబడిపోయింది. "భానూ, స్టెల్లాకైతే బస్సుండాది. పాత మిషన్లతో నడిపేవాళ్ళు ఇంకా యాడెక్కడ ఉండారో. వాళ్ళకు ఎట్ల సెప్పేది? నువ్వు రాయి. అందరికీ ఇప్పుడే రాసి పంపు. కనీస వెర్షన్ల పరీక్ష రెండేళ్ళుగా అబద్ధం, పాత మిషన్లను పారేయొద్దు, నకళ్ళు తెరిసి సూసుకోండి అని."

నేను చేసిన పని ఇప్పుడు చెప్పాలి. చెప్పకుండా ఆమె జీవితం రాస్తే అది కూడా ఉత్త టిక్కే అవుతుంది.

నేను రాయనన్నాను. నేరుగా అనలేదు, అంత ధైర్యం నాకు లేదు. "ముందు దిద్దుదాం అక్కా. సోమవారం దిద్దినదానితో పాటు నెమ్మదిగా సెప్దాం. ఇప్పుడు ఇట్ల రాస్తే నీ పేరు పోతాది, ఉద్యోగం గూడా పోవచ్చు. గమ్మున ఉండు, స్టెల్లాది మాత్రం సూసుకుందాం" అన్నాను. పైకి ఆమె పేరు చెప్పాను గాని, నా కళ్ళ ముందు ఆడుతోంది నా పేరు. 'చక్కగా ఉంది' అనే ఆ రెండు మాటలు అందరూ తీసి చూస్తారని నా భయం.

ఆమె నన్ను తిట్టలేదు. బ్యాగు కింద పెట్టి, తన కుర్చీలో కూర్చుని, తానే రాయడం మొదలుపెట్టింది. ఒక్కో మాటా రెండుసార్లు కొడుతోంది. 'ఈ తప్పు నాది' అని మొదటి వాక్యం. నా పేరు ఎక్కడా రాయలేదు. పంపించి లేచేసరికి పన్నెండూ ముప్పై అయిదు. ఆ ఇరవై అయిదు నిమిషాలు నా లెక్కలోవి.

బండి మీద బస్టాండుకు తీసుకుపోయాను. చిత్తూరు నాన్‌స్టాప్ మా కళ్ళ ముందే మలుపు తిరిగి పోయింది. తర్వాతి బస్సు ఒంటిగంటకు. ఆమెను ఎక్కించి వెనక్కి వద్దామనుకున్నవాణ్ణి, ఎందుకో నేనూ ఎక్కేశాను. బస్సు కదిలినప్పటి నుంచి ఆమె ఫోన్ చేతిలోంచి దించలేదు. అయిదు నిమిషాలకోసారి ఫోన్ చేస్తోంది, మోగుతోంది, ఆగుతోంది. పాకాల దగ్గర గేదెలు అడ్డం వస్తే డ్రైవరు బస్సు ఆపి, కిటికీలోంచి తల బయట పెట్టి తీరిగ్గా ఆ గేదెల మనిషితో మాట్లాడాడు. నాకు ఆ డ్రైవరును కొట్టాలనిపించింది. కొట్టాల్సింది ఎవరినో నాకు తెలుసు.

"ఒకవేళ..." అంది కోమలక్క పూతలపట్టు దగ్గర.

"సెప్పక్కా."

"ఒకవేళ సోమవారం ఒక బిడ్డకు పడని రక్తం ఎక్కిస్తే, ఎక్కించే నర్సుకు తెలీదు గదా. ఆ బిడ్డ తల్లికీ తెలీదు. నాకొక్కదానికే తెలుస్తాది." మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. ఆమె మెడ మీద చెమట కారుతోంది. బస్సులో గాలి బాగానే వస్తోంది.

ఆస్పత్రి దగ్గర ఆటో దిగేసరికి మూడుకు అయిదు నిమిషాలు తక్కువ. మేము గెలిచామనే అనుకున్నాను, దేవుడి సాక్షిగా. మెట్లు రెండేసి ఎక్కాం. స్టెల్లా గది తలుపు తెరిచే ఉంది. ఆమె చేతులు కడుక్కుని తుడుచుకుంటోంది. మమ్మల్ని చూసి మొహం వెలిగింది. "ఏందే, సెప్పా పెట్టకుండా వచ్చేసినావు! ముసలిదాన్ని సాగనంపను వచ్చినావా?"

బల్ల మీద వార్తాపత్రిక పరిచి ఉంది. దాని మీద డిస్కు. మూడు తూట్లు. చుట్టూ సన్నని ఇనప పొడి.

"డ్రిల్లింగ్ ఆయన బిరీన వచ్చేసినాడు. రెండూ నలభైకే అయిపోయింది. నేనిప్పుడే రక్తం గదిలోంచి వచ్చినా, ఫోన్ గూడా సూడలేదు" అంది స్టెల్లా.

కోమలక్క కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చుని, గాదెలోంచి ఒక పిల్ల రికార్డు తెరిచింది. తెల్లటి తెర. ఇంకోటి తెరిచింది. ఇంకోటి. పది తెరిచాక నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. అప్పుడు చెప్పింది, స్టెల్లా మొహంలోకి చూడకుండా, ఉత్తరంలో రాసిన మాటలనే వరసగా అప్పజెప్పింది.

స్టెల్లా మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత ఆ తెల్లటి తెరను చూసి, నెమ్మదిగా అంది. "ఇట్లనే వచ్చింది. ఫిబ్రవరిలో."

"ఏంది?"

"ఫిబ్రవరిలో నేను ఒకటి తెరిసి సూసినా. ఇట్లనే తెల్లగా వచ్చింది. నీకు రాసినా గదా కోమలీ." ఫోన్ తీసి వెతికి మా ముందు పెట్టింది. ఫిబ్రవరి పందొమ్మిది. 'ఫైలు తెరిస్తే ఖాళీగా వస్తా ఉండాదే, బాగుండాదా అంతా?' అని స్టెల్లా. దాని కింద కోమలక్క జవాబు. మాట లేదు, ఒక బొమ్మ మాత్రమే. ఆకుపచ్చ టిక్కు ఫోటో.

"నువ్వు ఇది పంపితివి. సరే, నాకే తెరవడం రాలేదు అనుకుంటిని" అంది స్టెల్లా. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. "సోమవారం పద్నాలుగు మంది వస్తారు కోమలీ రక్తానికి. నేను ఏం సూసి ఇచ్చేది?"

కోమలక్క బల్ల అంచు పట్టుకుని ఉండిపోయింది. నా జీవితంలో అంత భయం ఇంకో మనిషి మొహంలో నేను చూడలేదు. ఇంతకుముందు ఆమె పడినవన్నీ 'ఒకవేళ' భయాలు. ఇది అది కాదు.

ఆ సాయంత్రం నుంచి మొదలుపెట్టాం. ఆ ఆస్పత్రి డాక్టరమ్మ సంగతి విని తిట్టి, ఏడ్చి, తర్వాత దారి చెప్పింది. మన వైపు ఇళ్ళల్లో జబ్బు పిల్ల ఉంటే ఆస్పత్రి చీటీలన్నీ బట్టల కొట్టు సంచిలో వేసి చిలక్కొయ్యకు తగిలించి ఉంచుతారు. ఏ చీటీ దేనికో తెలియదు గాని ఒక్కటీ పారేయరు. రెండు వందల పన్నెండు ఇళ్ళకూ ఫోన్లు చేశాం. ఫోన్లు కలవని చోటికి బస్సుల్లో పోయాం. పలమనేరు, గంగాధర నెల్లూరు, కుప్పం దాకా. కోమలక్క గుమ్మంలో నిలబడి చీటీలు అడగడమే కాదు, ఎందుకు అడుగుతోందో కూడా చెప్పేది, తన తప్పు అని చెప్పేది. కొందరు కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. ఒకాయన చెయ్యెత్తాడు. ఆమె కదలకుండా నిలబడింది, ఆయనే దించుకున్నాడు.

మూడు వారాల్లో రెండు వందల అయిదు మందివి దొరికాయి. ఆ లోపల రక్తానికి వచ్చిన ఏ పిల్లకూ ఏమీ కాలేదు. అది మా గొప్ప కాదు, స్టెల్లా నిద్ర మానుకుని చేసిన పని.

కోమలక్క ఉద్యోగం పోలేదు. ఆ ఉత్తరానికి ముప్పై ఒక్క చోట్ల నుంచి జవాబులు వచ్చాయి. ఒకటి, నేను పేరు కూడా పలకలేని ఊరి నుంచి. 'మేము రేపు పాత మిషన్లు పారేయబోతున్నాం. ఆపేశాం' అని రెండే వాక్యాలు. దాన్ని కోమలక్కకు చూపించాను. చదివి, ఫోన్ తిరిగి ఇచ్చేసింది. తర్వాతి వారం నేను కూడా అందరికీ రాశాను, సరిచూసింది నేనని. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అంత చిన్న సంగతికి అంత భయపడ్డానా అని నా మీద నాకే రోత పుట్టింది. ఇప్పుడు ఆ పరీక్షలో రోజూ పొద్దున ముందుగా ఒక చెడ్డ వెర్షన్ పెడతారు. దానికి ఎర్ర గుర్తు పడితేనే మిగతావి నడుస్తాయి. 'దొంగ డబ్బా' అనే పేరే ఖాయమైంది. అర్థం ఏమిటని బయటి దేశాలవాళ్ళు అడుగుతుంటారు.

మిగిలింది ఏడుగురు. సంచి పోయినవాళ్ళు, వానకు మిద్దె కారి చీటీలు ముద్దయినవాళ్ళు. వాళ్ళకు ఏ రక్తం పడదో ఎవరికీ తెలియదు. ఎక్కించక తప్పదు. కొత్తగా పరీక్షలు చేసి, చుక్క చుక్కగా ఎక్కించి, పక్కన కూర్చుని చూడాలి. మొదటి పావుగంట దాటితే సగం గండం గడిచినట్టు. మిగతా సగం పది రోజుల దాకా ఉంటుంది, కళ్ళు పసుపు రంగుకు తిరుగుతాయేమో చూస్తూ ఉండాలి. ఆ ఏడుగురిలో ఎవరికి రక్తం ఎక్కించే రోజైనా కోమలక్క చిత్తూరులో ఉంటుంది. పది రోజులూ ఆ ఇంటికి రోజూ ఫోన్ చేస్తుంది. ఏడాది దాటింది. ఒక్కటీ తప్పలేదు.

పోయిన శనివారం నేనూ వెంట పోయాను. ఆ రోజు మోహన వంతు. తొమ్మిదేళ్ళ పిల్ల, చూస్తే అయిదేళ్ళదానిలా ఉంటుంది. అవ్వ దేవకమ్మ ఎత్తుకుని తెచ్చింది. సూది గుచ్చి, నర్సు రక్తం వదిలింది. కోమలక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఒక చేత్తో పిల్ల మణికట్టు పట్టుకుంది. ఇంకో చేతిలో గడియారం. పిల్ల పెదవులు, గోళ్ళు, మెడ, మళ్ళీ పెదవులు. రెప్ప వేయడం కూడా నేను చూడలేదు.

దేవకమ్మ నిట్టూర్చి, గోడకు చేరగిలబడింది. "నువ్వు పక్కన ఉంటే నాకు భయం లేదు తల్లీ. రవ్వంత కన్ను మూస్తా" అంది.

కోమలక్క ఉలిక్కిపడి తిరిగింది. మొహంలో రక్తం లేదు. అదే మొహం, తూట్లు పొడిచిన డిస్కు ముందు నేను చూసిన మొహం.

"వద్దవ్వా. నన్ను నమ్మి కన్ను మూయొద్దు. లేసి రా, నువ్వు గూడా సూడు."

ముసలావిడకు ఏమీ అర్థం కాలేదు. అయినా లేచి వచ్చి మంచానికి అటువైపు కూర్చుంది. నేను కాళ్ళ దగ్గర నిలబడ్డాను. ముగ్గురం ఆ పిల్ల మొహం చూస్తూ ఉన్నాం. పావుగంటకు ఇంకా తొమ్మిది నిమిషాలు ఉంది.